అమ్మ పాట ఎత్తుకునే చోటు

మా చిన్నప్పుడు కూడా ఆ బటన్ ఉంది బావా... లేదనుకున్నావా?

నిన్న మా అక్క వాళ్ళింట్లో జరిగిన గొడవ ఇది. మేనకోడలు కీబోర్డు నేర్చుకుంటోంది. నల్ల మెట్ల మీద కూడా వేళ్ళు తిరగాలని దాన్ని కూర్చోబెట్టాను. మా బావ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "పిల్లనెందుకురా అలా చంపుతావ్? ఒక్క స్కేలు వస్తే చాలు, మిగతాదంతా ట్రాన్స్‌పోజ్ బటన్ చూసుకుంటుంది. అయినా తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినోడివి, ప్రాక్టీస్ గురించి నువ్వా చెప్పేది?" అన్నాడు.

దానికి జవాబు ఇవాళ అందరి ముందూ చెబుతున్నా...

తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఆ బటన్ నొక్కితే కీబోర్డు శృతి పైకో కిందకో జరుగుతుంది. పాడేవాళ్ళు ఎక్కడ ఎత్తుకున్నా, మనం హాయిగా ఆ తెల్ల మెట్ల మీదే వాయించుకోవచ్చు.

పర్చూరు దగ్గర మా ఊరి చర్చికి మొదటిసారి కీబోర్డు వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు ఉంటాయేమో. ఊళ్ళో అందరూ దాన్ని 'బాక్సు' అనేవాళ్ళు. పాస్టరుగారి అబ్బాయి నాకు తెల్ల మెట్లూ, ఆ బటనూ చూపించి, చదువుకి ఒంగోలు వెళ్ళిపోయాడు. ఇంకేముంది... చర్చికి నేనే పెద్ద ప్లేయర్ని!

నొక్కీ నొక్కీ ఆ బటన్ కాస్తా లోపలికి దిగబడిపోయింది. ఇక నాకు వచ్చింది ఒక్క తెల్ల మెట్ల సి స్కేలు. నా చేతిలో బాక్సు పలికేదీ అదొక్కటే...

మా అమ్మ సువార్తమ్మ. మిరప కోతల్లో పాట ఎత్తుకునేది తనే. చేను అవతలి గట్టున ఉన్నవాళ్ళకీ వినపడాలి కదా... అంత పైన ఎత్తుకునేది. ఆదివారం చర్చిలోనూ అంతే.

ఒక ఆదివారం అమ్మ పాట ఒక చోట, నా బాక్సు ఒక చోట. ముందు వరసలో పిల్లలు కిసకిసా నవ్వారు. సంఘపెద్ద లేచాడు. "సువార్తమ్మా, బాక్సు ఎక్కడుంటే నువ్వు అక్కడికి రావాలమ్మా! మిషను తప్పు పాడుద్దా?"

అమ్మ నిజంగానే గొంతు కిందికి దింపింది. పల్లవి చివరి మాటల దగ్గర గాలి తప్ప మాట రాలేదు... మరుసటి వారం వెళ్ళి వెనక గోడకి ఆనుకుని కూర్చుంది.

"పాడవేంటమ్మా?" అంటే, "నువ్వు వాయించు నాన్నా. నేను వింటాలే" అంది.

బాక్సు వచ్చి అమ్మ పాట పోయింది. తను మళ్ళీ పాడాలంటే నేనే అక్కడికి వెళ్ళాలి. ఇంట్లో గిన్నెలు తోముతూ అమ్మ కూనిరాగం తీస్తుంటే ఆ శృతి పట్టుకుని, దాన్నే గొణుక్కుంటూ చర్చికి పరిగెత్తి వెతికాను. అమ్మ స్కేలు... ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ నల్ల మెట్లే!

అందరూ చేసేదే నేనూ చేశాను. పాట మొదటి నుంచి వాయించడం, మధ్యలో ఒక చోట తడబడటం, మళ్ళీ మొదటికి పోవడం. రోజూ అదే చోట, అదే తప్పు. తప్పుని కూడా శ్రద్ధగా ప్రాక్టీస్ చేశానన్నమాట...

చర్చి ఫ్యాను కింద లెక్కలు చేసుకుంటున్న మా అక్కకి ఒళ్ళు మండింది. "ఒరేయ్! వచ్చిన ముక్కే ఎన్నిసార్లు వాయిస్తావ్ రా? నువ్వు పడేది అక్కడ కదా, అక్కణ్ణుంచి మొదలెట్టి చావు!"

బావా, ఈ మాట నాది కాదు. మీ ఆవిడది.

ఆ పడేచోటు ఒక్కటే పట్టుకున్నాను. ముందు కుడి చెయ్యి. తర్వాత ఎడమ. రెండూ కలిపినప్పుడు నత్త నడక... బాక్సులో రిథమ్ ఆపేసి కాలితోనే తాళం. తప్పు లేకుండా వచ్చాకే కాస్త వేగం.

నేను ఒక చోట కుదురుగా ఉండే రకం కాదు. కాసేపు వాయించి, చర్చి చుట్టూ ఓ పరుగు తీసి, మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. విచిత్రం... లేచి వెళ్ళినప్పటి కన్నా తిరిగొచ్చాకే వేళ్ళు మాట వినేవి. కరెంటు పోతే మూగబోయిన మెట్ల మీదే వేళ్ళు నడిపిస్తూ, లోపల అమ్మ గొంతు వినేవాణ్ణి.

ఆ ఏడు కోతలు ముగిసే రోజుల్లో ఒక ఆదివారం... సంఘపెద్ద పాట చెప్పాడు. నేను అమ్మ వైపు చూడలేదు. ముందు ముక్క అమ్మ శృతిలో వాయించి ఆగాను.

వెనక గోడ దగ్గర్నుంచి అమ్మ ఎత్తుకుంది... కూర్చున్న చోటి నుంచే, చేలో పాడినట్టు. ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నేను పడేచోటు రానే వచ్చింది. దాటేశాను! ఆ సంబరంలో, ఎప్పుడూ బాగా వచ్చే చోట వేలు జారింది. అయినా ఆగలేదు. అమ్మ ఆగితే కదా నేను ఆగడానికి...

ఇంటికొస్తుంటే, "ఏరా, ఇవాళ మీ బాక్సే నా దగ్గరికొచ్చిందే!" అని నవ్వింది. అంతే. ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ వెనక గోడ దగ్గర కూర్చోలేదు.

బటన్ తప్పని నేననను బావా. పెళ్ళిళ్ళలో నేనూ నొక్కుతా. కానీ ముందు వేళ్ళు రావాలి, చెవి రావాలి... ఆ తర్వాతే బటన్.

ఇప్పుడు మా చర్చిలో ఫోన్లో రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాకు పెడుతున్నారు. అది మొదలయ్యేదాకా అంతమందీ నోరు మూసుకుని ఎదురుచూస్తారు. ట్రాకు ఎవరి గొంతు కోసమూ జరగదు...

మీ ఇళ్ళల్లో పాట ముందుగా ఎత్తుకునేది ఎవరు? ఉంటే, ఎవరో కింద రాయండి... చదవాలనుంది.

అమ్మ గొంతు ఈ మధ్య దిగుతోంది. కిందటేడు ఒక మెట్టు, ఈ ఏడు ఇంకొకటి... నేనూ ఆ మెట్లు కొత్తగా నేర్చుకుంటున్నా.

ఆటో వచ్చేసింది. చీమకుర్తిలో పెళ్ళి. వెళ్ళాలి.