జంగయ్య చెయ్యి

కృష్ణానగర్‌లో జంగయ్య చెయ్యి గురించి తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు పొద్దున్నే బస్సు దిగి ఇంకా గది వెతుక్కుంటున్నవాళ్ళై ఉండాలి. ముప్పై ఏళ్ళుగా సినిమాల్లో జనం అంటే జంగయ్యే. మంత్రి సభలో జై కొట్టే జనం, హీరో జైలు నుంచి బయటికొస్తే గేటు దగ్గర తోసుకునే జనం, విలన్ చచ్చాక ఊపిరి పీల్చుకునే జనం. ముందు వరసలో నిలబడి, మైకులో "చేతులు" అన్న మాట పూర్తికాకముందే కుడి చెయ్యి లేపుతాడు. దాన్ని చూసి వెనక వందల చేతులు లేస్తాయి. అందుకే అతనికి చెయ్యి జంగయ్య అని పేరు.

ఆ చెయ్యి మహిమలు అతనే చెప్పాలి, మనం వినాలి. ఒకసారి బోరబండ స్టేషన్‌లో ఒళ్ళు విరుచుకుందామని చెయ్యెత్తితే రైలు టక్కున ఆగిందట. డ్రైవరు తల బయటపెట్టి ఎక్కుతావా అని అడిగితే, "ఏం లేదు, నువ్వు పో" అని పంపించేశాడట. అది ఎలాగూ ఆగే స్టేషనే కదా అన్నవాళ్ళని చదువుకున్నవాళ్ళ జాబితాలో వేసి, వాళ్ళతో మాట్లాడటం మానేస్తాడు. తను మాత్రం ఐదో తరగతితో బడి మానేశాడు. బడే తనను మానేసిందని అతని వాదన.

అలాంటివాడికి లేక లేక పుట్టిన కూతురు నిహారిక ఇప్పుడు ఆ ఐదో తరగతికే వచ్చింది.

ఆమె చదివేది పెద్ద బడేమీ కాదు. రహమత్ నగర్ వైపు దిగే గల్లీలో క్రౌడ్ ఆర్టిస్టులు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం ఆఫీసుంది. దాని మీద రేకుల కింద రెండు గదులు, ముగ్గురు టీచర్లు. మిగతా బడులకీ దీనికీ ఒక్కటే తేడా. షూటింగుకి జనాన్ని తీసుకుపోయే బస్సు చీకటితో వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఎక్కేస్తే పిల్లలు ఎక్కడికి పోవాలి? అందుకని సుబ్బులు టీచర్ బస్సు కంటే ముందే వచ్చి తాళం తీస్తుంది. నిద్రకళ్ళతో వచ్చిన పిల్లలు చాపల మీద పడుకుని, తెల్లారాక లేచి, అక్కడే పలకా పుస్తకం పడతారు.

ఆవిడ రాజమండ్రి వైపు మనిషి. వచ్చిన కొత్తలో ఏ ప్రశ్న అడిగినా గదిలో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా లేచేవట. జవాబు మాత్రం ఒక్కరికీ తెలియదు. ఎత్తమంటే ఎత్తాలని ఇళ్ళల్లో చూసి నేర్చుకున్న పిల్లలు మరి. తెలిస్తేనే ఎత్తండి, తెలియకపోతే కిందే ఉంచండి, అందులో సిగ్గేం లేదు అని వాళ్ళకి ఎక్కించేసరికి ఆవిడకి ఏడాది పట్టింది. ఈ సంగతి నిహారిక ఇంట్లో చెప్పినప్పుడు జంగయ్య పడీ పడీ నవ్వాడు. ఆ రోజు నవ్వింది తన గురించేనని అతనికి తట్టలేదు.

ఈ ఎండాకాలం సుబ్బులు టీచర్‌కి జూబ్లీహిల్స్‌లోని ఒక పెద్ద బడి నుంచి పిలుపొచ్చింది. జీతం ఇక్కడికి రెండింతలు. ఇక్కడ జీతాలు పెరిగి నాలుగేళ్ళయింది. ఆవిడ బెదిరించలేదు, బేరమాడలేదు. తనకీ ఇల్లుందనీ, నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలనీ సంఘం సెక్రటరీ కాశీవిశ్వనాథంతో అంది, అంతే. ఆయన రెండో ఆదివారం, షూటింగులకి సెలవు రోజు చూసి సభ్యులందరినీ ఆఫీసుకి పిలిచాడు. షూటింగున్న ప్రతిరోజూ ఒక్కొక్కరి కూలీలోంచి ఇరవై రూపాయలు టీచర్ల జీతాలకి పట్టుకోవాలి. పిల్లలున్నా లేకపోయినా అందరిదీ. ఒప్పుకుంటారా లేదా?

మాటలు చాలాసేపు నడిచాయి. పిల్లలు ఊళ్ళో ఉన్నవాళ్ళు మాకెందుకన్నారు. పెళ్ళికాని కుర్రాళ్ళు ముందు పెళ్ళి చేయండి, తర్వాత బడి చూద్దామన్నారు. ముసలి తల్లి వేషాలు వేసే మల్లమ్మ, తనకి పిల్లల్లేరు కాబట్టి తన ఇరవై తన మందులకే చాలదని నెమ్మదిగా చెప్పింది. జనాన్ని సప్లై చేసే ఏజెంటు తిరుమలేశ్ గోడకానుకుని అంతా విన్నాడు. అతను సంఘం సభ్యుడు కాడు. కానీ షూటింగుకి రమ్మని ఎవరి ఫోను మోగాలో, ఎవరిది మోగకూడదో అతని దయ. కూలీ డబ్బులు తన చేతి మీదుగా వెళ్తాయి కాబట్టి ఈ కోతల గోల తనకి తలనొప్పని తేల్చేశాడు.

జంగయ్య ముందు కుర్చీలో కూర్చున్నాడు. అతనికి కావలసింది ఒక్కటే, సుబ్బులు టీచర్ వెళ్ళకూడదు. ఐదో తరగతిలో తనని వదిలేసిన బడి తన కూతుర్ని కూడా అక్కడే వదిలేయకూడదు.

కాశీవిశ్వనాథం మైకందుకుని, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండన్నాడు. జంగయ్య చెయ్యి లేచింది. వెనక గదంతా లేచింది. ఆయన ముఖం వెలిగిపోయి, ఇక లెక్కెందుకనుకునేలోపే తిరుమలేశ్ ముందుకొచ్చి మైకు లాక్కున్నాడు.

"వద్దనేవాళ్ళు... రెడీ... ఆఁ, చేతులు!"

అది సెట్టులో వినబడే గొంతు. జంగయ్య చెయ్యి అతన్ని అడగలేదు. ముప్పై ఏళ్ళ అలవాటున జివ్వున లేచి నిలబడింది. దాని వెనక మళ్ళీ గదంతా లేచింది.

ముందు ఎవరో నవ్వారు, ఆ వెంటనే అందరూ నవ్వారు. తిరుమలేశ్ అయితే, ఎప్పుడైనా చివరి టేకే ఓకే కదా, వద్దన్నదే ఖాయం చేయమన్నాడు. నవ్వు తగ్గాక మల్లమ్మ మాట వినబడింది.

"నీ చెయ్యి జూసి నేను రెండుసార్లు ఎత్తిన జంగయ్యా. గిప్పుడు నేను ఏమన్ననో నాకే తెల్వది."

జంగయ్య ఏదో ఒక గొప్ప చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచాడు. అంతలో కళ్ళు మెట్ల వైపు పోయాయి. పిల్లలతో పాటు సుబ్బులు టీచర్ అక్కడే కూర్చుని ఉంది. ఆవిడ నవ్వడం లేదు. ఆమె పక్కన నిహారిక కమ్మీలు పట్టుకుని అతన్నే చూస్తోంది.

"డాడీ, నువ్వు ఏ ప్రశ్నకు ఎత్తినవ్?"

జంగయ్య తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. తన చెయ్యి ఎన్ని సభల్లో లేచిందో తలుచుకున్నాడు. ఎంతమంది నాయకుల్ని గెలిపించింది, ఎంతమంది దొంగల్ని రాళ్ళతో కొట్టించింది! వాళ్ళలో ఒక్కరైనా తను ఎంచుకున్నవాళ్ళు కారు. ఆ చెయ్యి తన భుజానికి అతుక్కుని ఉందే గానీ, దాని తాళం ఎప్పుడూ మైకు పట్టుకున్నవాడి దగ్గరే ఉంది.

అతను లేచి, ఓటు మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి అందరూ కళ్ళు మూసుకోవాలన్నాడు. కాశీవిశ్వనాథం కంగారుగా అతన్ని పక్కకి లాగాడు.

"కళ్ళు మూయించడం దేనికయ్యా? నువ్వు ముందు కూర్చుని ఒక్కసారి చెయ్యెత్తు, గట్టెక్కేస్తాం. వాళ్ళంతా చూసేది నిన్నే."

"గదే సార్ నా భయం," అన్నాడు జంగయ్య. "నన్ను జూసి ఎత్తితే అది నా ఒక్కని చెయ్యే. పైసలు మాత్రం అందరియి. రేపు కూలీలకెల్లి పైసలు కట్ అయిననాడు, జంగయ్య ఎత్తమన్నడని ఎత్తినం అంటరు. అప్పుడు టీచరమ్మకు ఏం జెప్తం?"

ఒప్పుకునేవాళ్ళే ఎత్తాలని తేల్చుకుని అందరూ కళ్ళు మూసుకున్నారు. శవాల వేషాలు వేసి వేసి ఆ పనిలో వాళ్ళకి మంచి అనుభవమే ఉంది. కళ్ళు తెరుచుకుని ఉన్నది లెక్కపెట్టే సెక్రటరీ, గోడ దగ్గర తిరుమలేశ్. తిరుమలేశ్ చూస్తున్నాడన్న సంగతి మూసుకున్న ప్రతి కంటికీ తెలుసు.

ఎవరి గొంతూ "ఆఁ" అనలేదు. జంగయ్య చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఎత్తాలని ఉంది, లేవడం లేదు. ఫోను మోగని పొద్దులు గుర్తొచ్చాయి. తర్వాత చీకట్లో చాప మీద ముడుచుకున్న నిహారిక, తలుపు దగ్గర తాళంచెవితో నిలబడ్డ సుబ్బులు టీచర్ గుర్తొచ్చారు. చెయ్యి మెల్లగా, నీళ్ళ బిందె ఎత్తినట్టు లేచింది. ఎక్కడో గాజులు గలగలమన్నాయి. ఒక కుర్చీ కిర్రుమంది. చాలాసేపటికి మరో మూల నుంచి ఇంకెవరో దగ్గారు. ఏ డైరెక్టరూ ఓకే చేయని టేకది. ఒక్క చెయ్యీ ఇంకోదానితో కలిసి లేవలేదు.

కాశీవిశ్వనాథం రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఇందాకటి చేతుల్లో చాలా కిందే ఉండిపోయాయి. అయినా లేవనివాటికంటే లేచినవి కాస్త ఎక్కువే. గెలిచింది, గట్టిగా కాదు.

గల్లీలోకొచ్చాక మల్లమ్మ అతని పక్కన నడిచింది. "నేను ఎత్తలే. పిల్లలు లేనిదాన్ని, నాకేం పని అనుకున్న. ఇంకా గట్లనే అనుకుంటున్న. కానీ ఇరవై అయితే ఇస్త. ఈసారి ఎవలకు వాళ్ళే ఎత్తిన్రు గద."

జూబ్లీహిల్స్ బడికి సుబ్బులు టీచర్ ఏం జవాబిచ్చిందో ఎవరూ అడగలేదు. నెల మారిన రోజు కూడా, బస్సు హారన్ కంటే ముందే సంఘం ఆఫీసు పైన బడి తాళం తీసిన చప్పుడు వినబడింది. ఆ గల్లీలోనే ఉండే జంగయ్య అప్పటికే మేలుకుని ఉన్నాడు. ఆ ఆదివారం నుంచి అతని ఫోను మోగడం లేదు.

చివరికి మోగింది. ఫిల్మ్‌నగర్‌లో సెట్టు, ఎన్నికల సభ సీను. తిరుమలేశ్ అతన్ని అందరికంటే వెనక, స్పీకరు డబ్బా పక్కన నిలబెట్టి వెళ్ళిపోయాడు. మైకులో అసిస్టెంటు డైరెక్టరు "చేతులు" అని అరిచాడు. ముందు వరసలో కొత్త కుర్రాడి చెయ్యి లేచింది, అందరివీ లేచాయి. వెనక ఒక్కటి మాత్రం, అవన్నీ లేచి నిలబడ్డాక లేచింది.

"కట్! ఎవరండీ ఆ వెనకాల పెద్దాయన? ఎందుకంత లేటు?"

"ఏం లేదు సార్," అన్నాడు జంగయ్య. "ఈ లీడరెవలో జర ఎరుక జేసుకుంటున్న."