కారం అంటని చేతులు

మా చెల్లెలు రెబ్కా మూడో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా గుంటూరు మిరప గోడౌనులో ఆమె చేసిన పని పెద్ద చదువులు చదివినవాళ్లు చేయగా నేను చూడలేదు. అన్నను కాబట్టి గొప్పగా చెబుతున్నానని అనుకోవద్దు. ఆ రోజు నేనక్కడే బస్తాలు మోస్తున్నాను.

ఎనభై ఆరులో మా కనిగిరి వైపు వానలు లేవు. ఫిబ్రవరిలో మా పేటలోని ముప్పై కుటుంబాలం గుంటూరు చేరి ఒక కారం మిల్లు గోడౌనులో కుదిరాం. ఆడవాళ్లకు ఎండుమిరపకాయల తొడాలు తీసే పని, మాకు మోత పని. కాపురం కూడా అక్కడే, రేకుల కింద. పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నం అన్నం దాకా లేవనిచ్చేవారు కాదు. గుంటూరు కూలీలైతే కష్టమనిపిస్తే మానేసి పోయేవాళ్లు. మేమెక్కడికి పోతాం?

పదకొండు మంది తల్లుల పసిబిడ్డలు గోడవార చీర ఉయ్యాలల్లో ఉండేవాళ్లు. ఏడ్చినా ఎత్తుకోవడానికి లేదు, చేతుల నిండా కారం. గుమాస్తా రామచంద్రమూర్తి ఒక కుండ నీళ్లు పెట్టించి చేతులు కడుక్కోమన్నాడు. మిరప ఘాటు ఉత్త నీళ్లకు పోదు. ఒక రోజు జయకుమారి ఆ నీళ్లతోనే కడుక్కుని ఆరు నెలల కొడుకు ముఖం తుడిచింది. బిడ్డ గొంతు పోయేదాకా ఏడ్చాడు. కళ్లు వాచి మూసుకుపోయాయి.

మర్నాడు రెబ్కా కుప్ప దగ్గరికి పోలేదు. తలస్నానం చేసి ఉయ్యాలల దగ్గర కూర్చుంది. ఇక నుంచి రోజుకొకరు కాయ ముట్టకుండా పిల్లలను చూస్తారని, ఆ మనిషి వంతు కాయ మిగతావాళ్లు చూసుకుంటారని, పాలిచ్చే తల్లుల చేతులకు నూనె, సబ్బు కావాలని చెప్పింది.

"ఏమే, నువ్వేమన్నా నర్సమ్మవా? లేచి కాయ పట్టు," అన్నాడు గుమాస్తా.

రెబ్కా లేవలేదు. "మీరొక్క గంట మాతో కూర్చుని తొడాలు తీయండి అయ్యగారూ. ఆ కుండలో నీళ్లతోనే చేతులు కడుక్కుని, మీ కళ్లు మీరే తుడుచుకోండి. మండకపోతే నేనిప్పుడే లేస్తా."

ముసలి కోటిరత్నం ఒక గంపెడు కాయ ఆయన ముందుకు జరిపింది. ఆడవాళ్లు నవ్వారు. ఆయన కాయ ముట్టలేదు కానీ, అందర్నీ గేటు బయటికి గెంటిస్తానన్నాడు. దాంతో అరవై మంది ఆడవాళ్లూ పని ఆపేశారు. బయట మద్రాసు లారీ సగం నిండి ఉంది. మేమూ బస్తాలు దించేశాం. మా మగవాళ్లలో ఒక్కడూ వెనక్కి తగ్గలేదని గర్వంగా రాస్తున్నాను.

మధ్యాహ్నానికి యజమాని వచ్చాడు. ముందు లారీని చూశాడు, తర్వాత జయకుమారి బిడ్డ కళ్లు చూశాడు. ఏది చూసి ఒప్పుకున్నాడో నాకు తెలియదు. సాయంత్రానికి కుళాయి దగ్గర నూనె డబ్బా, సబ్బులు పెట్టించాడు.

బిడ్డ నాలుగో రోజుకు కళ్లు తెరిచాడు. మా కూలి పెరగలేదు, కారం ఘాటుకు వచ్చే దగ్గులూ తగ్గలేదు. కానీ ఎండాకాలం అయిపోయేదాకా ఆ గోడౌనులో ఇంకో పసిబిడ్డ కంట్లో కారం పడలేదు. పక్క గోడౌన్ల ఆడవాళ్లు వచ్చి, వంతులు ఎలా వేసుకోవాలో మా రెబ్కాను అడిగి తెలుసుకుని వెళ్లారు.