మొగ బురదలో అన్నయ్య మందు

మా వైపు వాగులు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లూ బురదా పట్టుకొచ్చి, వాటిలో పురుగుమందులూ లోహాలూ ఎంతున్నాయో తేల్చాలి. తొంభైల చివర్లో పీహెచ్‌డీకి నాకు దక్కిన పని అది. అప్పటికే మా అన్నయ్యకు చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టుంది. ఆయన అమ్మేదాన్నే నేను వెతకబోతున్నాను. ఇంట్లో ఎవరికీ అది విడ్డూరంగా తోచలేదు. "మంచిదే, ఇద్దరిదీ ఒకటే లైను" అంది అమ్మ.

మొగలో నన్ను తిప్పిన పడవాయన మాత్రం, అడుగునుంచి నేను తోడిన నల్లటి బురదను ఐసు పెట్టెలో భద్రంగా సర్దుతుంటే, "మీ ఊళ్లో బురద దొరకదా అమ్మా?" అని అడిగాడు.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. ఎంత కొట్టినా చావలేదు. రైతులు కోపంగా అన్నయ్య కొట్టు మీదికొచ్చారు. కల్తీ మందు అంటగట్టావన్నారు. ఆయన షట్టరు సగం దించుకుని కూర్చునేవాడు.

సరిగ్గా అప్పుడే నా ఫలితాలొచ్చాయి. బురదలో మిరపకు కొట్టే తెగుళ్ల మందుల తాలూకు రాగి ఉంది. అన్నయ్య కొట్లో అందరికన్నా ఎక్కువ పోయే పత్తి మందూ ఉంది. నేను ఉత్సాహం పట్టలేక, భోజనాల దగ్గర చెప్పేశాను.

అన్నయ్య ముద్ద ఆపాడు. "మన మందేనా?"

"అదే."

"ఎండకీ వానకీ ఆగి, సముద్రం దాకా పోయిందా?"

"పోయింది. త్వరగా నశించదు. అదే ప్రమాదం."

చివరి మాట ఆయన చెవికెక్కలేదు.

వారం తర్వాత కొట్టుకెళ్తే, షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. అన్నయ్య ఒక పెద్ద రైతుతో చెబుతున్నాడు: "మా చెల్లెలు ల్యాబ్‌లో తేల్చిందండీ. సముద్రంలో కలిసినా పవర్ పోలేదు. కల్తీదైతే అంత దూరం పోద్దా?"

ఆ రైతు నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మాయ్?"

"నిజమే బాబాయ్, కానీ అది చేపల్లోకి..."

"అసలుదే అయితే పురుగెందుకు చావలా?"

"పురుగు దానికి అలవాటు పడింది."

ఆయన అన్నయ్య వైపు తిరిగాడు. "అంటే డోసు పెంచాలన్నమాట."

"వద్దు బాబాయ్, అదంతా చివరికి చేపల్లోకే పోతుంది."

"చేప నా చేలో లేదమ్మా. పురుగుంది" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, భయమే ఉంది. ఈలోగా అన్నయ్య డబ్బా దించేశాడు.

థీసిస్‌లో నేను 'ప్రమాదకరం' అని రాసిన చోటల్లా మా గైడు గారు 'గమనించదగ్గది' అని దిద్దించారు. పట్టా వచ్చింది. అన్నయ్య స్వీట్లు పంచాడు. ఇకనైనా నా పేరు చెప్పి అమ్మడం మానమని ఆ రోజే బతిమాలాను.

"నేను మానితే ఏం లాభమే? ఎదురు కొట్టువాడు కూడా నీ పేరే చెబుతున్నాడు" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లకు పచ్చపురుగును తట్టుకునే కొత్త పత్తి విత్తనాలొచ్చాయి. ఆ మందు అడిగేవాళ్లు తగ్గారు. అన్నయ్యా, ఎదురు కొట్టువాడూ ఇద్దరూ ఆ విత్తనాల సంచులు పేర్చుకున్నారు. వాటి గురించి మాత్రం నన్నెవరూ ఏమీ అడగలేదు.