మా ఊరి ఆటోలో నా పేరు పాట

మా చిన్నప్పుడు... ఆటో మా ఇంటి ముందుకు రాకముందే దాని పాట వచ్చేది. "ఓ ఓదెమ్మో... ఓరకంట జూడకే... ఒళ్లంత జల్లుమంటాందే..." అని డప్పు దరువుతో. అది వినపడగానే నేను చేతిలో చాట అక్కడే పడేసి ఇంట్లోకి ఉరికేదాన్ని.

ఎందుకంటే నా పేరు ఓదెమ్మ.

అది మా బాపమ్మ, అంటే మా నాన్నమ్మ పేరు. ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారట. ఆమె మీద ప్రేమతో మా బాపు అదే పేరు నాకూ పెట్టాడు. నన్నొక మాట అడిగితే బాగుండేది...

టేకుమట్ల బడిలో ఆడపిల్లలందరం ఎవరి పేరు మీద ఏ పాట ఉందో లెక్కేసుకునేవాళ్లం. దివ్య అన్నా, ప్రియ అన్నా ఏదో ఒక సినిమాలో హీరో చేతులు చాపి పాడేవాడు. నా పేరు మీద ఒక్కటీ లేదు. ఒక్క పాట రావాలని ఎన్ని దండాలు పెట్టుకున్నానో. తీరా వస్తే ఇది వచ్చింది!

ఎవరు రాశారో, ఎవరు పాడారో తెలియదు. మెమరీ కార్డుల్లో ఎక్కి భూపాలపల్లి దాకా పాకింది. పెళ్లి బరాతుల్లో అదే, ట్రాక్టర్లలో అదే. సారు హాజరు పిలుస్తూ "ఓదెమ్మ" అనగానే, నేను "ప్రెజెంట్ సార్" అనేలోపు వెనక బెంచీ నుంచి "ఓ..." అని సన్నగా రాగం మొదలయ్యేది. ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలియదు.

పదో తరగతికి వచ్చాక పెద్దసారు ఒక మాట చెప్పారు. "పది మెమోల ఏ పేరు పడితే గదే పేరు ఉంటది. మార్చుకునేటోళ్లు ఇప్పుడే ఇంట్ల సంతకం తెచ్చుకోండ్రి."

నాకు పండగే. హారిక అని పెట్టుకుందామని అప్పుడే నిర్ణయించేసుకున్నాను. నోటుబుక్కు చివరి పేజీ నిండా హారిక, హారిక, హారిక అని సంతకాలు కూడా నేర్చుకున్నాను.

బాపు కాగితం మీద సంతకమైతే పెట్టాడు గానీ... "నాకేం లేదు బిడ్డా. మీ బాపమ్మకు మాత్రం నువ్వే చెప్పుకో" అన్నాడు.

అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. నీ పేరు నాకొద్దు అని ఆ ముసలామె మొహం మీద ఎట్లా చెప్పాలి? రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బడి మూతపడింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకనాడు మా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఇంటింటి నుంచి బియ్యం, పప్పు తెచ్చి, తారు రోడ్డు మీదనే రాళ్లపొయ్యిలు పెట్టారు. అటు పక్క, ఇటు పక్క బస్సులు ఆగిపోయాయి. బాపమ్మ పప్పు కలుపుతోంది. ఇవాళ ఎట్లాగైనా చెప్పేయాలని కాగితం లంగా నడుముకు చెక్కుకుని ఆమె పక్కనే కూచున్నాను.

మా ఊరి రాజన్న తన ఆటోకు రెండు పెద్ద బాక్సులు కట్టి ఉద్యమం పాటలు పెడుతున్నాడు. ఒక పాట అయిపోయింది. ఇంకోటి పెట్టబోయి ఏం నొక్కాడో...

"ఓ ఓదెమ్మో... ఓరకంట జూడకే..."

రోడ్డంతా ఒకటే నవ్వు. మా క్లాసు పోరగాళ్ల ఈలలు. నేను వెళ్లి అన్నం వండే పెద్ద డేగిశ వెనక దాక్కున్నాను. పాపం రాజన్న పాట ఆపలేక దొరికిన బటనల్లా నొక్కుతున్నాడు.

మా బాపమ్మకు చెవులు కొంచెం మందం. ఆటోలో పోయే పాట ఆమెకు ఎప్పుడూ ఉత్త డప్పు చప్పుడే. ఆ రోజు బాక్సు పక్కనే ఉంది కాబట్టి మాట స్పష్టంగా వినపడింది. గంటె పట్టుకుని లేచి నిలబడింది.

"ఎవలురా నన్ను పిలిచేది? నా మీద పాట గట్టిండ్రా? బంద్ జేయకు బిడ్డా, ఉండనియ్యి."

కొంగు నడుముకు చుట్టి రెండు అడుగులేసింది. ఎవరో మైకు ఇచ్చారు. ఇంక చూడండి... ఆ దరువు మీదనే సొంత పాట అందుకుంది.

"ఓ ఓదెమ్మో, నాట్లకు రాయే ఓదెమ్మో..." అని తనే పిలిచి, తనే గొంతు మార్చి జవాబు చెప్పింది. "రాను పో... తెలంగాణ వచ్చినంకనే!"

"ఓ ఓదెమ్మో, బువ్వ తినరాయే ఓదెమ్మో..."

"రాను పో... తెలంగాణ వచ్చినంకనే!"

రెండోసారికి ఆడవాళ్లు అందుకున్నారు. మూడోసారికి బస్సుల కిటికీల నుంచి కూడా జవాబు వచ్చింది. మమ్మల్ని లేపడానికి వచ్చిన కానిస్టేబుల్ పెదవులు కూడా కదిలాయి, నేను చూశాను.

అప్పుడు బాపమ్మ మైకులో, "మా ఇంట్ల ఇంకో ఓదెమ్మ ఉన్నది. రాయే నా తల్లీ, ఎందుకు దాసుకుంటవ్" అని నన్ను చెయ్యి పట్టి లాగింది. రోడ్డంతా "ఓ ఓదెమ్మో" అని పిలిచింది. నేను గొంతు చించుకుని "రాను పో" అన్నాను. నిజంగానే ఒళ్లు జల్లుమంది. అంతమంది నోట విన్నాక నా పేరు నాకు మొదటిసారి ముద్దొచ్చింది. నడుముకు చెక్కిన కాగితం రాళ్లపొయ్యిలోకి పోయింది.

బడి తెరిచాక పెద్దసారు అడిగారు. "ఏమే, పేరు మార్చుకుంటనంటివి, కాయిదమేది?"

"తెలంగాణ వచ్చినంకనే సార్" అనేశాను. క్లాసంతా పడి పడి నవ్వింది. సారు కూడా ఆగలేకపోయారు. మెమోలో ఓదెమ్మనే పడింది.

తెలంగాణ వచ్చిన రోజు వాడకట్టు ఆడవాళ్లు "వచ్చింది గదనే ఓదెమ్మా, ఇగ నాట్లకు రా" అని బాపమ్మను పట్టుకున్నారు. "గిన్నొద్దులు ఆగిండ్రు... జర మోకాళ్ల నొప్పి తగ్గేదాంక ఆగుండ్రి" అంది.

బాపమ్మ పోయి నాలుగేండ్లయింది. మొన్న హనుమకొండలో దవాఖానకు వెళితే మైకులో గట్టిగా నా పేరు పిలిచారు. పక్కన ఇరవై మందికి తక్కువ లేరు, ఎవరి చెవుల్లో వాళ్ల పాట. ఒక్కరూ తల ఎత్తలేదు, ఒక్కరూ నవ్వలేదు, "ఓ..." అని ఎవరూ రాగం తీయలేదు. లేచి వెళుతుంటే నాకే ఎందుకో మనసు చిన్నబోయింది...

మిమ్మల్ని ఏ పాట పాడి ఏడిపించేవాళ్లు? మీ పేరుతో సహా కింద రాయండి... ఒకసారి గట్టిగా పిలుస్తాను.