రెండో గంటె అన్నం

మనిషి చెడ్డపని చేసేటప్పుడు భయపడతాడు, అటూ ఇటూ చూస్తాడు. మంచిపని చేస్తున్నాను అనుకున్నప్పుడు మాత్రం ఎటూ చూడడు. ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. నడిరోడ్డు మీద, చేతిలో అన్నం గంటె పట్టుకొని నేర్చుకున్నాను.

రాష్ట్రం కావాలని ఉద్యోగులందరం పని బంద్ పెట్టి రోడ్ల మీద కూర్చున్న రోజులవి. నేను లింగాల ఘనపూర్ మండలంలో ఒక చిన్న ఊరి బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. బడికి తాళం వేసి, దేవరుప్పుల నుంచి జనగామ పోయే రోడ్డు మీద టెంటు వేశాం. నాకు ఆ ఉద్యమం మీద ఉన్న ప్రేమ ఉత్తది కాదు. కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు శిక్షణకని సముద్రం పక్క ఊరికి పంపారు. మొదటి రోజు నేను లేచి "గిది ఎట్ల సార్?" అని అడిగితే హాలు హాలంతా నవ్వింది. అడిగిన సందేహం ఎవరికీ పట్టలేదు. పది రోజులు నోరు మూసుకొని కూర్చొని వచ్చాను. ఆ నవ్వు చాలా ఏళ్ళు నా చెవుల్లో ఉండిపోయింది.

ఆ రోజు మా వంతు వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి, పొయ్యి పెట్టి, అక్కడే వండుకొని అక్కడే తినాలి. మా దగ్గర దానికి ఒక పద్ధతి ఉండేది. ఆగిన బండ్లవాళ్ళకు కూడా విస్తరి వేసి అన్నం పెట్టాలి. తినకుండా ఎవరినీ పంపవద్దు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ మాకు చాలా నచ్చింది. మనిషిని ఆపుతున్నామన్న తప్పు అన్నం పెడితే తీరిపోతుందని అనుకున్నాం. లారీ డ్రైవర్లు తిట్టుకుంటూ దిగి, తిన్నాక మాతో కలిసి నినాదాలు ఇచ్చి పోయేవాళ్ళు. వడ్డించే గంటె ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కాదు.

అంబులెన్స్ వస్తే మాత్రం పరుగెత్తి రాళ్ళు జరిపేవాళ్ళం. చిక్కంతా మిగతా బండ్లతోనే. దవాఖాన పేరు చెప్తే వదులుతారని అందరికీ తెలిసిపోయింది. ఆ పొద్దున ఒక జీపువాడు పేషెంటు అన్నాడు, లోపల చూస్తే పెండ్లి సామాను. ఇంకొకడు తలకు తువ్వాల కట్టుకొని మూలుగుతూ వచ్చాడు. రాళ్ళు జరపగానే మా కండ్ల ముందే తువ్వాల విప్పి భుజాన వేసుకొని పోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఇక ఎవడు దవాఖాన అన్నా నేనే స్వయంగా చూసి వదులుతాను అని గట్టిగా చెప్పాను. టెంట్లో నా మాటకు విలువ ఉండేది.

పదకొండు దాటాక ఒక ట్రాలీ ఆటో వచ్చింది. తండా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, తనే నడుపుతున్నాడు. దిగి రెండు చేతులూ జోడించాడు.

"సారూ, జర తొవ్వ ఇయ్యుండ్రి. జనగామ దవాఖానకు పోవాలె."

"ఎవలకేమైంది?"

"మా ఇంటామెకు సారూ. మొన్న పత్తికి మందు కొట్టినం. నేను కొడుతాంటే ఆమె నీళ్ళు మోసింది. నిన్నటి సంది కక్కుతాంది, కండ్లు తిరుగుతున్నయంటాంది."

నేను ఆటో వెనక్కి పోయి చూశాను. ఖాళీ గోనె సంచుల మీద ఆనుకొని ఒకామె కూర్చుంది, కొంగు ముఖం మీదికి లాక్కొని. "ఎట్లున్నదమ్మా?" అన్నాను. కొంగు కదిలింది. తల ఊపింది అనుకున్నాను. కూర్చోగలిగిన మనిషికి ప్రాణం మీదికి వచ్చేంత జబ్బేం ఉంటుంది? చుట్టూ ఉన్న చేలల్లో పత్తికి మందు కొట్టని ఇల్లు లేదు, తల తిరగని మనిషీ లేడు. తెలుగు పంతులును, క్షణంలో డాక్టర్నైపోయాను.

"ఏం గాదు, ఎండకు అట్లైతది. అన్నం దింపుతున్నరు. తిని పో."

"వద్దు సారూ, పోత సారూ."

అతని మాటలో వాళ్ళ ఇంటి భాష యాస ఉంది. మా సార్లలో ఒకాయన దాన్ని పట్టుకొని, "పోత సారూ, పోత సారూ" అని అచ్చం అట్లాగే అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ హాల్లో నన్ను చూసి నవ్విన నవ్వు అప్పుడు నాకు గుర్తు రాలేదు. చాలా రోజుల తర్వాత వచ్చింది.

అన్నం ఇంకా దమ్ము మీద ఉంది. అరగంట పట్టింది. అతను ఆటో దగ్గరికీ పొయ్యి దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు. ఈలోగా పేపరాయన కెమెరాతో వచ్చాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. తండా మనిషినీ సార్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెడుతుంటే ఫోటో తీస్తే ఎంత బాగుంటుంది? ఉద్యమం అందరిదీ అని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి? చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాను. విస్తరి వేసి బగార అన్నం, వంకాయ కూర వడ్డించాను. అతను తల ఎత్తకుండా గబగబా తిన్నాడు. తిని లేవబోయాడు. పేపరాయన ఇంకా కెమెరా సరిచేసుకుంటున్నాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి కిందికి అదిమాను. అప్పుడే కెమెరా క్లిక్‌మంది.

"ఇంకో గంటె తిను. గింత సిగ్గైతే ఎట్ల?"

విస్తట్లో పడ్డ అన్నం వదిలి లేస్తే పెట్టిన మనిషిని అవమానించినట్టు. అది మాకు ఎంతో వాళ్ళకూ అంతే. అతను కూర్చొని ఆ అన్నం కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కొని నాకు మళ్ళీ దండం పెట్టాడు. మేం రాళ్ళు జరిపాం. మొత్తం గంటకు పైనే ఆగి ఉంటాడు.

తెల్లవారి పేపర్లో ఫోటో వచ్చింది. నా చేతిలో గంటె ఉంది, అతను తల వంచుకొని ఉన్నాడు, మూలకు ఆటో వెనుక భాగం. నాలుగు కాపీలు కొన్నాను. అందులో ఒకటి బావమరిదికి పంపాను, వాళ్ళ ఊళ్ళో చూపించమని. సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర ఎవరో అన్నారు, నిన్న తండా ఆమె జనగామ చేరేసరికే పోయిందట, పత్తి మందు ఎక్కిందట. ఏ తండా అని నేను అడగలేదు. చాయ్ తాగి ఇంటికి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వారం రోజులు మంచంలో అటూ ఇటూ పొర్లాను.

ఏ తండానో కనుక్కొని, ఆమె దినం రోజు అక్కడికి పోయాను. ఒక్కటే మాట చెప్పి రావాలని పోయాను. "నిన్ను ఆపింది నేను, లేవబోతే కూర్చోబెట్టింది నేను." బండి మీద దారి పొడుగునా ఆ మాట నోట్లో నానబెట్టుకున్నాను.

ఇంటి ముందు చుట్టాలు కూర్చొని ఉన్నారు. ఆమె అన్నదమ్ములు మహబూబాబాద్ దిక్కు నుంచి వచ్చి ఒక పక్కన ముఖాలు ముడుచుకొని ఉన్నారు. అతను నన్ను చూడగానే లేచి ఎదురొచ్చాడు. వాళ్ళ భాషలో అందరికీ ఏదో చెప్పాడు. "సారు" అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. తర్వాత తెలుగులో అన్నాడు, "ఆ దినం రోడ్డు మీద అన్నం పెట్టిన సారు గీ సారే."

అతను నా పక్కనే కూర్చున్నాడు.

"జర ముందుగాల తెస్తే బతికేది అన్నడు సారూ డాక్టరు. తప్పు నాదే. పొద్దటి సంది తినలే, ఆకలికి ఆగలే. ఒక్కసారి తిని లేచినా అయిపోవు. రెండోసారి గూడ తిన్న. ఆమె ఆడ సంచుల మీద ఉంటె నేను ఈడ రెండుసార్లు తిన్న."

అన్నదమ్ముల్లో పెద్దవాడు ఉమ్మేసి లేచిపోయాడు. అప్పటికే వాళ్ళ నోట పడి నలిగిన మాట అది. పెండ్లాం పోతుంటే పేపర్లో ఫోటో దిగుతూ తిన్న మనిషి. ఇద్దరు చిన్న ఆడపిల్లలను ఇట్లాంటి తండ్రి దగ్గర ఉంచేది లేదని, తీసుకొని పోతామని అప్పటికే తీర్మానం అయిపోయింది. నేను నోరు విప్పితే చాలు. ఆ తప్పులో సగం కాదు, మొత్తం నా మీదికి వచ్చేది. పిల్లలు ఆ ఇంట్లోనే ఉండేవాళ్ళేమో. అందరూ వింటున్నారు. అంతకంటే మంచి సమయం ఉండదు.

"బాధపడకు. రాత గట్లున్నది" అన్నాను.

న్యాయం కావాలని మైకులో గంటలు గంటలు అరిచిన గొంతు అది. నలుగురిలో నిలబడి అందరి తప్పులు చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు, మంద తోడుంటే చాలు. ఒక గుడిసె ముందు కూర్చొని నా తప్పు నేను చెప్పుకునేటప్పుడు నా తోడు ఎవరూ లేరు. నేను పిరికివాణ్ణని నలభై ఏళ్ళు దాటాక ఆ రోజు తెలిసింది.

లేవబోతుంటే లోపలికి పిలిచాడు. గోడకు పేపర్ ముక్క అతికించి ఉంది. మూలన ఆటో మీద వేలు పెట్టి చూపించాడు. కొంగు అంచు మసకగా ఉంది, అంతే.

"ఆమె ఫోటో ఇంకోటి లేదు సారూ. రేషన్ కార్డు మీదిది చెరిగిపోయింది. పేపరాయనకాడ పెద్దది ఉంటదట గదా. అండ్ల మొఖం కనబడుతదేమో. జర అడిగి చూడు సారూ, పిల్లలకు చూపియ్యాలె."

ఇది చేయగలను అనిపించింది. ఆ మాట చెప్పలేకపోయినా ఇదైనా చేస్తే కొంత బరువు దిగుతుందని, మరుసటి రోజే జనగామ పోయి పేపరాయనను పట్టుకున్నాను. మంచి మనిషి. పెద్ద సైజులో తీయించి ఇచ్చాడు.

ఆమె ముఖం కనబడుతోంది. కొంగు జారింది, ఒక చెయ్యి ఆటో కడ్డీని పట్టుకుంది. కండ్లు తెరిచే ఉన్నాయి. మొగుడి దిక్కు చూడటం లేదు, గంటె పట్టుకున్న నా దిక్కు చూస్తోంది. పేపర్లో అలికినట్టు పడ్డది ఇందులో స్పష్టంగా ఉంది. అతను సగం లేచి ఉన్నాడు. నా ఎడమ అరచెయ్యి అతని భుజాన్ని కిందికి నొక్కుతోంది. నా వేళ్ళు అతని చొక్కాలోకి దిగి ఉన్నాయి. నేను కెమెరా దిక్కు చూసి నవ్వుతున్నాను.

ఆ ఫోటో ఇస్తే పిల్లలకు తల్లి ముఖం దొరుకుతుంది. తండ్రి లేవబోయాడని ఆమె అన్నదమ్ములకు తెలుస్తుంది. నా చెయ్యి కూడా కనబడుతుంది. నేను దాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో నా సర్టిఫికెట్ల కింద పెట్టాను.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం. డప్పుల మోతలో ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. చూస్తే అతనే, ముఖమంతా గులాల్. "వచ్చింది సారూ" అన్నాడు. "వచ్చింది" అన్నాను. అతను ఇంకొంచెం దగ్గరికి జరిగి, "ఫోటో?" అన్నాడు. "అది ఇంకా రాలే" అన్నాను. తల ఊపి గుంపులో కలిసిపోయాడు. ఏళ్ళ తరబడి కోరుకున్న రోజది. ఇంటికి వచ్చి రంగు కడుక్కొని పడుకున్నాను.

తర్వాత నాకు భూపాలపల్లి దిక్కు, చిట్యాలకు బదిలీ అయింది. నిజం చెప్పాలంటే అడిగి చేయించుకున్నాను. ఆ రోడ్డు మీద రోజూ పోలేక. ఇక్కడా పత్తి చేలే, ఇక్కడా మందు వాసనే. బడికి పోయే దారిలో ట్రాలీ ఆటో ఎదురైతే పక్కకు దిగి నిలబడతాను.

నంబరు ఎవరిచ్చారో గానీ పోయిన నెల అతను ఫోన్ చేశాడు. ప్రతి ఆదివారం మహబూబాబాద్ పోయి పిల్లలను చూసి వస్తున్నాడట. వాకిట్లో కూర్చోనిస్తారట, లోపలికి రానివ్వరట.

"పెద్ద బిడ్డ అడుగుతాంది సారూ, అమ్మ ఎట్లుండె అని. నాకు చెప్పుడు రాదు. ఆ ఫోటో ఏమన్న దొరికిందా?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకొనే బీరువా తెరిచాను. సర్టిఫికెట్లు ఎత్తి ఫోటో బయటికి తీశాను. ఆమె నా దిక్కే చూస్తోంది. ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"దొరకలే. వెతుకుతున్న" అన్నాను.

"ఏం గాదు సారూ. నువ్వు పరేషాన్ గాకు, దొరికినప్పుడే ఇయ్యి" అన్నాడు. తర్వాత, ఫోన్ పెట్టేసే ముందు అందరూ అడిగినట్టే అడిగాడు. "తిన్నవా సారూ?"

తిన్న అని చెప్పాను.