కనుమ మీద చెప్పిన మాట

నా చిన్నప్పుడు చంద్రగిరిలో మా ఇంటికి ఎదురుగా ఒక జట్కా తాత ఉండేవాడు. రంజానుకు వాళ్ళింటి సేమియా మా ఇంటికి వచ్చేది, ఉగాదికి మా ఓళిగలు వాళ్ళింటికి వెళ్ళేవి. తాత తన గుర్రపు బండిలో స్టేషనుకూ కోటకూ మనుషుల్ని తిప్పేవాడు. బడి నుంచి వచ్చేటప్పుడు ఖాళీ బండి ఎదురైతే నన్ను ఎక్కించుకునేవాడు. బండి ఎక్కడం కాదు, ఆయన గుర్రం మీదే ఎక్కాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. ఆ ఆశ తీరిన రోజును ఇప్పటికీ మరిచిపోలేను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ కాన్పుకని భాకరాపేట కనుమకు అవతల ఉన్న పుట్టింటికి వెళ్ళి రెండు నెలలయింది. నాలుగు రోజుల ముందు నాయన కూడా వెళ్ళాడు. ఇంట్లో నేనూ మా అవ్వా మిగిలాం. కార్తీకంలో ముసురు పట్టుకుంది. కనుమ రోడ్డు మీద బండలు జారిపడి బస్సులు ఆగిపోయాయి. వాన తెరిపిచ్చిన పొద్దున, అమ్మ వాళ్ళ ఊరి నుంచి ఒక మనిషి కొండదారిన నడిచి వచ్చాడు. వాకిట్లోనే నిలబడి అవ్వతో ఏదో మెల్లగా చెప్పి, తిరుపతిలో మా మేనత్తకు కూడా చెప్పాలంటూ అట్నుంచి అటే వెళ్ళిపోయాడు.

అవ్వ పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది. కళ్ళెందుకు ఎర్రబడ్డాయంటే పొగ అంది. నా తల దువ్వి, రెండు జడలు వేసి, "మీ అమ్మ నిన్ను సూడాలంటాంది. జట్కా తాత తీసకపోతాడు" అని చెప్పింది. అవ్వ మోకాళ్ళకు ఆ కొండ ఎక్కే సత్తువ లేదు. బయలుదేరేముందు ఆమె తాతను పక్కకు పిలిచి, "ఆడికి పోయినాక అదే తెలుస్తాది. నువ్వేం సెప్పొద్దు, అన్నా" అనడం నాకు వినబడింది. చెల్లెలో తమ్ముడో పుట్టిన సంగతి దాస్తున్నారనుకుని లోపల్లోపల మురిసిపోయాను.

తాత గుర్రాన్ని బండి నుంచి విప్పాడు. వీపు మీద రెండు గోనెసంచులు మడతపెట్టి, పైన దుప్పటి వేసి, పొట్ట కింద నుంచి తాడు బిగించాడు. దాని కళ్ళకు పక్కల అడ్డంగా ఉండే తోలు గంతలు తీసి గూట్లో పెట్టాడు. అవెందుకు తీశావని అడిగితే, కొండదావలో కాలు యాడ పెడతాండామో దానికి కనపడాల, లేకుంటే పడుతుంది అన్నాడు. నన్నెత్తి కూర్చోబెట్టి, జూలు పట్టుకోమన్నాడు. ఎక్కేటప్పుడు ముందుకు వంగాలనీ, దిగేటప్పుడు వెనక్కి వాలాలనీ చెప్పాడు.

రంగంపేట దాటి అడవిలోకి మళ్ళేదాకా నేను రాణిలా ఊరేగాను. తడిసిన చెట్ల వాసన, గుర్రం ఒంటి వెచ్చదనం, దారిలో ఎదురైన గొర్రెల కాపరులు నన్ను తలెత్తి చూడడం, ఏదీ మరిచిపోలేదు. నేను పాటలు పాడాను. తాత కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తూ ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు.

కొండ మొదలయ్యాక దారి కష్టమైంది. వాననీళ్ళు కోసేసిన దారి, నాచు పట్టిన బండలు. నిటారుగా ఉన్నచోటల్లా తాత నన్ను దించేవాడు. గుర్రం మీద బరువుంటే అది జారుతుందనీ, ఇక్కడ ముగ్గురం ఎవరి కాళ్ళ మీద వాళ్ళం ఎక్కాలనీ అన్నాడు. కాస్త చదునైన చోట మళ్ళీ ఎక్కించేవాడు. ఒకచోట గుర్రం ముందుకాళ్ళు జారి మోకాళ్ళ మీద కూలబడింది. తాత దాన్ని కొట్టలేదు, అదిలించలేదు. మెడ నిమురుతూ పక్కనే నిలబడ్డాడు. అది రొప్పు తీర్చుకుని, తనంతట తాను లేచింది. దించిన చోటల్లా నేనూ నాలుగు కాళ్ళ జంతువులా చేతులు ఆనించి పాకాను. మోకాళ్ళు గీరుకుపోయాయి. అయినా ఏడవలేదు. అమ్మకు చూపించి గొప్ప చెప్పుకోవాలి కదా.

కనుమ పైకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కడ పొదల నిండా సీతాఫలాలు. అమ్మకు అవంటే ప్రాణం. కళ్ళు విచ్చుకున్న కాయలు వెతికి పరికిణీ ఒడిలో వేసుకోసాగాను. "ఇది అమ్మకు. ఇదీ అమ్మకే" అంటూ ఒక్కోటి తాతకు చూపించాను. అందని కొమ్మను తాత వంచి పట్టుకున్నాడు. నేను కోయకముందే వదిలేశాడు. గుర్రాన్ని పొదకు కట్టి, బండ మీద కూర్చుని, నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"బిడ్డా, నీకొక మాట సెప్పాల. మీ అవ్వ సెప్పొద్దనింది. అయినా సెప్తాండా. మీ అమ్మ లేదు. నిన్న సాయంత్రం కాన్పులో పానం పోయింది. నీకు చెల్లెలు పుట్టినాది. ఆ బిడ్డ బాగుండాది."

అబద్ధం అన్నాను. ఆయన్ను రెండు చేతులతో కొట్టాను. కొట్టనిచ్చాడు. చేతులు నొప్పెట్టి ఆగినప్పుడు, నా వైపు చూడకుండా చెప్పాడు.

"మా నాయన పోయినప్పుడు నాది నీ వయసే. నాయన పిలస్తాండాడని సెప్పి తీసకపోయిరి. నేను పరిగెత్తుకుంటా లోపలికి పోతి. అంతమంది ముందర, నవ్వుకుంటా పోతి బిడ్డా."

ఏడవొద్దనలేదు, అమ్మ దేవుడి దగ్గరికి పోయిందనలేదు. "నువ్వు పోదామంటే పోదాం. ఈడే కూకుందామంటే కూకుందాం" అన్నాడు. నేను ఎంతసేపు ఏడ్చానో తెలియదు. బండ నీడ మా పాదాల దాకా వచ్చింది. అవతల నాయనా, ఊరంతా మాకోసం కాచుకుని ఉన్నారని ఆయనకు తెలుసు. అయినా తొందర పెట్టలేదు. నేను లేచాక లేచాడు.

దిగేటప్పుడు గుర్రం ఎక్కనన్నాను. పొద్దున పాడిన పాటలు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యమేసింది. ముగ్గురం నడిచే దిగాం. ఊరి మొదట్లోనే ఆడవాళ్ళ ఏడుపు వినిపించింది. నాకది ఏమిటో తెలుసు. తాత చెయ్యి వదిలి, జనాన్ని తప్పించుకుంటూ నాయన దగ్గరికి నడిచి వెళ్ళాను. అమ్మ పక్కన కూర్చుని సీతాఫలాలు ఆమె చేతి దగ్గర పెట్టాను. ఎవరో తీయబోతే నాయన వద్దన్నాడు. అమ్మ మొహానికి పసుపు రాసి ఉంది. నిద్రపోతున్నట్టు లేదు. అందరూ అలా అంటారుగానీ, లేదు.

చెల్లెల్ని మా అవ్వే పెంచింది. అమ్మ జ్వరంతో పోయిందని దానికి చెప్పాలని పెద్దవాళ్ళు మాట అనుకున్నారు. దానికి ఎనిమిదేళ్ళప్పుడు వీధి కొళాయి దగ్గర ఒకామె, "తల్లిని మింగి పుట్టిన బిడ్డ" అని ఇంకొకామెతో అనడం విన్నాను. ఆ మాట ఈ రోజు కాకపోతే రేపు దాని చెవిన పడుతుంది. మర్నాడు దాన్ని కోట వెనక బండల మీదికి తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని, జరిగింది జరిగినట్టు చెప్పాను.

అది, "అయితే నా వల్లనా అక్కా?" అని అడిగింది.

కాదన్నాను. రక్తం ఆగలేదని, రోడ్డు మూసుకుపోయి డాక్టరు రాలేకపోయాడని చెప్పాను. నమ్మిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఇంటి దగ్గర పొయ్యి వెలిగించాలి, అవ్వ తిడుతుంది, చీకటి పడబోతోంది. నేను కదల్లేదు.

ఇన్నేళ్ళలో చెడ్డమాట చెప్పాల్సిన పని నాకు చాలాసార్లు పడింది. ఎలా చెప్పాలో ఇప్పటికీ సరిగా రాదు. చెప్పాక మాత్రం పక్కనే కూర్చుంటాను. వాళ్ళు లేచేదాకా లేవను.