గోవిందసామి గీసిన ‘క్ష’ కోసం రెడ్డియార్‌పాళయం దాకా

పోయిన నెల హైదరాబాదులో ఒక పుస్తకావిష్కరణకు వెళ్లి, ఒళ్లు మండి సగంలోనే లేచి వచ్చాను. నేను చెన్నై ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన రోజుల్లో మా అచ్చు అక్షరాలు గీసినవాడు పుదుచ్చేరి మనిషి, ఆర్. గోవిందసామి. ఒత్తులు కింది వరుసకు తగలకుండా, చిన్న సైజులోనూ సిరా పూడుకుపోకుండా తెలుగును అచ్చులో నిలబెట్టాడు. బడి పుస్తకాలూ పంచాంగాలూ ఆ వంపులతోనే వచ్చాయి. ఇప్పుడు ఫోన్లలో మీరు చదివే కొన్ని అక్షరాలూ వాటి పిల్లలే. ఆ పుస్తకం ప్రకారం అవన్నీ గీసింది మా మేనేజరట! కుంచె ఏ వైపు పట్టుకోవాలో తెలియని మనిషి. గోవిందసామి కాగితాలన్నీ ఆయన బీరువాలోకే పోయాయి. మిగిలిన ఒక్కటి కూతురు మంగమ్మ దగ్గర ఉందనీ, దాన్నీ ఆ పుస్తకం వేసినవాళ్లు అడుగుతున్నారనీ తెలిసి బయలుదేరాను.

చెన్నైలో తెల్లవారుజామున సముద్రం పక్క రోడ్డు బస్సెక్కితే టిఫిను వేళకు పుదుచ్చేరి చేరవచ్చు. దిగినవాళ్లంతా ఫ్రెంచివాళ్ల కాలపు పసుపు గోడల ముందు ఫొటోలకు పరిగెత్తారు. నేను రెడ్డియార్‌పాళయానికి ఆటో మాట్లాడుకున్నాను, నూట యాభైకి.

“బీచికి పోకుండా ఆడ ఏం సూస్తారు సామీ?” అన్నాడు డ్రైవరు.

“తెలుగు అక్షరాలు.”

“మా ఇంట్లో మాటే తెలుగు. అక్షరం ఒకరికీ రాదు,” అని నవ్వాడు.

అరవై దాటిన మంగమ్మ ఇడ్లీలు పెట్టి, దేవుడి పటాల పక్కన అద్దం కట్టించి పెట్టిన కాగితం చూపించింది. పెద్ద ‘క్ష’. తలకిందులుగా ఉంది. చెప్పాను.

“అట్టనా! నాయన పోయినప్పట్నుంచీ అట్టనే దండం పెట్టుకుంటాండా గదన్నా!” అని పడీపడీ నవ్వింది. “రేపు హైదరాబాదోళ్లు వస్తాండారు. ఇస్తానని మాటిచ్చేసినా.”

“ఇస్తే ఇది కూడా మేనేజరుదే అంటారు. దీని మీద మీ నాయన పేరు లేదు.”

“ఏంది, పేరెందుకు లేదు?”

“అక్షరాలు గీసేవాళ్లకు సంతకం పెట్టే అలవాటు లేదమ్మా.”

ఆమె నవ్వు ఆగిపోయింది. పటం విప్పింది. ఊరగాయ జాడీల మీద పేర్లు రాసే నల్ల పెన్ను తెచ్చి, నేను “ఆగు, అది అసలు ప్రతి!” అని అరుస్తున్నా వినకుండా, ‘క్ష’ కింద తండ్రి పేరు తమిళంలో లావుగా రాసేసింది.

“నాకొచ్చింది అరవమే గదా. మాట తప్పను. ఇప్పుడొచ్చి తీసుకపోమను.”

మర్నాడు వాళ్లు వచ్చి, కాగితం పాడైపోయిందని చెప్పి వదిలేసి వెళ్లారట. ఫోనులో మంగమ్మే చెప్పింది. పాడైంది కాగితం కాదు, వాళ్ల పుస్తకం. తెలుగుకు రూపమిచ్చినవాడి పేరు తమిళంలో మిగలడం తెలుగు రాయడం రాని ఆ కూతురికి సిగ్గు కాదు. వేదికల మీద శాలువాలు కప్పుకుని భాషను ఉద్ధరిస్తున్న మనవాళ్లకు సిగ్గు, అది వాళ్లకు ఉంటే.

మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి, అద్దం మీద ఎండ పడకముందే ఫొటో బాగా వస్తుంది. అడుగున ఉన్న పేరు మాత్రం కత్తిరించకండి.